పాట ఎక్కడ ఆగింది?

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు బాగా అలవాటైన కేసు ఒకటుంది. కొత్తగా కొన్న చిన్న స్పీకర్ల జత. దానికి రెండు తోకలు: ఒకటి యూఎస్‌బీ, రెండోది సన్నటి పిన్ను. ఇంటికి తెచ్చి యూఎస్‌బీ తోకను కంప్యూటర్‌కు తగిలించగానే స్పీకర్ ముందున్న నీలం బల్బు వెలిగింది. పాట పెట్టారు. చడీచప్పుడు లేదు. వాల్యూం గుండీని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పారు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు. ఆఖరికి స్పీకర్లను అట్టపెట్టెలో సర్ది, బిల్లు వెతుక్కుని షాపుకు బయల్దేరారు. రెండో తోకకు కంపెనీ తొడిగిన ప్లాస్టిక్ తొడుగు అప్పటికింకా ఊడనే లేదు.

ఈ రకం చవక స్పీకర్లలో చాలావాటికి యూఎస్‌బీ తీగ కరెంటు మాత్రమే మోసుకొస్తుంది. పాట రావలసింది పిన్ను దారిలో. నీలం బల్బు "కరెంటు అందింది" అని చెబితే, చూసేవాళ్లు "అంతా సవ్యంగా ఉంది" అని చదువుకుంటారు. మాటల్లో మాట, పాత యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వగలిగింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు. అంటే రెండున్నర వాట్లు. అదే కరెంటుతో బతికే స్పీకర్ల పెట్టె మీద ఒక్కోసారి వందల వాట్ల 'పీఎంపీఓ' అని అచ్చయి ఉంటుంది. ఆ కొలతకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. అచ్చు వేయించినవారి ఉత్సాహం ఎంతో, వాట్లూ అన్ని.

మిక్సీ పాడైతే మాడు వాసన వస్తుంది. ఫ్యాను పాడయ్యే ముందు నెలల తరబడి మూలుగుతుంది. స్పీకర్ మూగబోతే అలాంటి ఆనవాలేదీ దొరకదు. పొరపాటున మ్యూట్ మీట నొక్కినప్పటి నిశ్శబ్దం, లోపలి కాయిల్ కాలిపోయినప్పటి నిశ్శబ్దం చెవికి ఒకేలా వినిపిస్తాయి. మొదటిదానికి కావలసింది ఒక్క నొక్కు, రెండోదానికి కొత్త స్పీకర్. రెండింటి మధ్య తేడా తెలియకే జనం కొందరు డ్రైవర్లు మార్చుకుంటూ ఆదివారమంతా పోగొట్టుకుంటారు, కొందరు బంగారంలాంటి స్పీకర్లను పాతసామాన్లవాడికి ఇచ్చేస్తారు.

డెల్టాలో కాలువ చివరి పొలానికి నీరందకపోతే అనుభవమున్న లష్కరు, అంటే కాలువ చూసుకునే మనిషి, హెడ్ రెగ్యులేటర్ దగ్గర మొదలుపెట్టి గట్టు వెంట అడుగడుగూ తడుముకుంటూ రాడు. నేరుగా నడిమి తూము దగ్గరికి వెళతాడు. అక్కడ నీళ్లుంటే చిక్కు దిగువన, లేకుంటే ఎగువన. ఆ మిగిలిన సగంలో మళ్లీ నడిమికి. పది తూములున్నా నాలుగు చూపుల్లో లెక్క తేలిపోతుంది. కంప్యూటర్ పాటకూ సరిగ్గా ఇదే పద్ధతి పనికొస్తుంది, ఎందుకంటే అది కూడా ఒక పొడుగాటి కాలువలోనే ప్రయాణిస్తుంది.

ఆ కాలువకు తలాపున ఉన్నది అంకెల కుప్ప. సీడీ నాణ్యత పాటలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. పాట వినిపించే ప్రోగ్రాం వాటిని ఆపరేటింగ్ సిస్టంలోని మిక్సర్‌కు అందిస్తుంది. ఈమెయిల్ వచ్చిందని మోగే గంట, వీడియోలోని మాట, వెనక మోగుతున్న పాట అక్కడే కలుస్తాయి. మిక్సర్ నుంచి డ్రైవర్‌కు, డ్రైవర్ నుంచి మదర్‌బోర్డు మీద గోరంత ఉండే కోడెక్ చిప్పుకు. అంకెలు వోల్టేజీగా మారేది ఆ చిప్పులోనే. ఆ వోల్టేజీ రంధ్రం గుండా తీగలోకి దిగి, స్పీకర్ డబ్బాలోని ఆంప్లిఫయర్ దగ్గర బలం పుంజుకుని, అయస్కాంతం నడుమ వేలాడే కాయిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతుంది. కాయిల్‌కు అతికించిన కాగితపు శంఖువు గాలిని నెడుతుంది. అంతవరకూ అది విద్యుత్తు, ఆ తర్వాతే పాట.

ఈ దారిలో నడిమి తూము ఏదంటే, కంప్యూటర్ వెనక కనిపించే ఆకుపచ్చ రంధ్రం. దాని రంగు వెనక చిన్న కథ ఉంది. తొంభైల నాటి కంప్యూటర్ల వెనక మైకు, స్పీకర్, లైన్ ఇన్ రంధ్రాలు చాలావరకు ఒకే రంగులో ఉండేవి. పక్కన చెక్కిన బుల్లి బొమ్మలను బల్ల కిందికి దూరి, టార్చిలైటు వేసి చదువుకోవాలి. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి రాసిన 'పీసీ 99' మార్గదర్శకాలు వచ్చాక స్పీకర్‌కు ఆకుపచ్చ, మైకుకు గులాబీ, లైన్ ఇన్‌కు లేత నీలం స్థిరపడ్డాయి. అయినా బల్ల వెనక చేయి పెట్టి తడుముతూ గుచ్చేవాళ్లకు రంగు కనబడదు కదా. గులాబీ రంధ్రంలో దూరిన స్పీకర్ పిన్ను ఈ రోజుకీ మూగ కేసుల్లో ఒకటి.

ఆకుపచ్చ రంధ్రం దగ్గర పరీక్షకు పరికరాలేవీ అక్కర్లేదు. స్పీకర్ పిన్ను ఊడదీసి, దాని స్థానంలో ఇయర్‌ఫోన్ పెట్టి వినాలి. పాట వినిపిస్తే కంప్యూటర్ నిర్దోషి, చిక్కు తీగలోనో స్పీకర్‌లోనో ఉంది. ఊడదీసిన పిన్నును ఇయర్‌ఫోన్ రంధ్రమున్న ఏ ఫోన్‌కైనా, పాత రేడియోకైనా గుచ్చితే ఎదురు పరీక్ష కూడా పూర్తవుతుంది.

అదీ లేకపోతే వేలు ఉంది. స్పీకర్‌కు కరెంటు ఇచ్చి, వాల్యూం బాగా తగ్గించి, ఊడదీసిన పిన్ను కొసను వేలితో తాకి, గుండీని నెమ్మదిగా పెంచాలి. ఆంప్లిఫయర్ బతికుంటే 'గుర్‌ర్‌' మని మోత వస్తుంది. మనిషి ఒళ్లు ఇక్కడ యాంటెన్నాలా పనిచేస్తుంది. ఇంటి గోడల్లోని తీగల్లో సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగొచ్చే కరెంటు, చుట్టూ ఉన్న మనుషుల్లో కూడా అతి సన్నటి వోల్టేజీని పుట్టిస్తూనే ఉంటుంది. మనకు తెలియదు గానీ ఆంప్లిఫయర్‌కు తెలుస్తుంది. సౌండు సిస్టం కుర్రాళ్లు పెళ్లి పందిట్లో మైకు తీగను వేలితో తడిమి చూసేది ఈ మోత కోసమే. ఒక్క షరతు: బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కరెంటు తీసుకుంటున్న స్పీకర్లలో ఈ మోత బాగా సన్నగా ఉండొచ్చు, చెవి దగ్గరగా పెట్టి వినాలి.

చాలాసార్లు స్పీకర్ నిర్దోషిగా తేలుతుంది. దోషం కంప్యూటర్ వైపే ఉంటుంది, అదీ తీగల్లో కాదు, ఎంపికల్లో.

ఒకప్పుడు ఎంపిక అన్న మాటే లేదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో శబ్దానికున్న ఒకే ఒక్క దారి పెట్టె లోపల 'బీప్' మనే చిన్న స్పీకర్. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చాక కంప్యూటర్‌కు గొంతు వచ్చింది, దాంతోపాటే తగాదాలూ వచ్చాయి. తొలి కార్డులు సాధారణంగా ఐఆర్‌క్యూ 7 అనే నంబరు మీద ప్రాసెసర్‌ను పలకరించేవి. ప్రింటర్ పోర్టుదీ అదే నంబరు. ఆటలో తుపాకులు పేలకపోతే కార్డు మీది బుల్లి జంపర్ తీసి వేరే కొక్కేనికి తగిలించేవారు. అప్పట్లో దారులు చాలక శబ్దం ఆగిపోయేది. ఇప్పుడు దారులు ఎక్కువై దారి తప్పుతోంది.

ఎలాగంటే, హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. కొత్త మానిటర్ తగిలించగానే అది "శబ్దం కూడా నాకివ్వండి" అని కంప్యూటర్‌తో చెప్పుకుంటుంది. చాలా మానిటర్లకు స్పీకర్లే ఉండవు, వెనక ఒక ఇయర్‌ఫోన్ రంధ్రం తప్ప. అది తెలియని విండోస్, పాటను మర్యాదగా అటు మళ్లిస్తుంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, ఏదీ పాడవలేదు, నిన్నటిదాకా పాడిన స్పీకర్లు నేడు మూగవి. టాస్క్‌బార్‌లోని స్పీకర్ బొమ్మ నొక్కి, వాల్యూం స్లైడర్ పక్కనున్న బాణం గుర్తు నొక్కితే విండోస్ 11లో ఈ దారులన్నీ వరుసగా కనిపిస్తాయి. స్పీకర్ల పేరు ఎంచుకుంటే చాలు. బ్లూటూత్ తంటా ఇంకా చిత్రమైనది. రాత్రి వంటింట్లో మరచిపోయిన బ్లూటూత్ స్పీకర్‌కు పొద్దున్నే ల్యాప్‌టాప్ తనంతట తానే అతుక్కుపోతుంది. హాల్లో పాట వినబడలేదని వెతుకుతున్నాయనకు వంటింట్లో పోపుల డబ్బా వెనక నుంచి సమాధానం వస్తుంది.

పాత విండోస్ పద్ధతిలోని సౌండ్ పెట్టె ఇప్పటికీ దాక్కుని ఉంది. రన్ గడిలో 'ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్' అని ఇంగ్లీషులో కొడితే తెరుచుకుంటుంది. అందులోని ప్లేబ్యాక్ పట్టికలో ఒక్కో పరికరం పక్కన నిలువు పట్టీ ఉంటుంది. పాట పెట్టినప్పుడు పట్టీలో ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతుంటే, నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. ప్రోగ్రాం తప్పు లేదు, మిక్సర్ తప్పు లేదు, అంకెలు డ్రైవర్ గుమ్మం దాకా చేరాయి. గీతలు ఆడుతున్నది మానిటర్ పేరు పక్కన అయితే, దొంగ దొరికినట్టే. అసలు గీతలే కదలకపోతే ఎగువకు, అంటే పాట పాడుతున్న ప్రోగ్రాం దగ్గరికి వెళ్లాలి. ఇంత పనికొచ్చే పట్టీని ఏ మూలో దాచి, "సమస్యను పరిష్కరించమంటారా" అని అడిగే మీటను ముందు పెట్టడం మైక్రోసాఫ్ట్ వారి చిత్తం.

వాల్యూం లెక్కలో ఒక మెలిక ఉంది. బ్రౌజర్ ట్యాబ్‌కు ఒక మ్యూట్ ఉంటుంది, వీడియో కింద ఒక స్లైడర్, విస్టా కాలం నుంచి విండోస్‌లో ఒక్కో ప్రోగ్రాంకు విడిగా ఒక స్లైడర్, అన్నింటికీ కలిపి ఇంకొకటి, స్పీకర్ మీద గుండీ సరేసరి. ఇవి ఒకదానితో ఒకటి కూడవు, హెచ్చవేసుకుంటాయి. గుణకారంలో ఎక్కడ సున్నా పడినా ఫలితం సున్నాయే, మిగతావన్నీ వంద మీద ఉన్నా సరే. నాలుగుచోట్ల సగం చొప్పున తగ్గిస్తే మిగిలేది పదహారో వంతు. స్లైడర్లన్నీ ఇంత సూటిగా నడవవు గానీ తీరు ఇదే. పైగా ఫోన్ కాల్ లాంటిదేదో నడుస్తోందని విండోస్‌కు అనిపిస్తే, మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. మీటింగులో ఉండగా పాట నీరసించిపోవడానికి కారణం అదే. సౌండ్ పెట్టెలోనే కమ్యూనికేషన్స్ పట్టికలో దాన్ని ఆపేయవచ్చు.

డ్రైవర్ మీద అందరికీ అనుమానం ఎక్కువ, అది దోషి అయ్యేది తక్కువ. అయినప్పుడు ఆనవాలు స్పష్టంగానే ఉంటుంది: విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు శబ్దం పోవడం, స్పీకర్ బొమ్మ మీద గుణకారపు గుర్తు పడటం. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరాన్ని తీసేసి కంప్యూటర్‌ను మళ్లీ వేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపట్టి, అవసరమైతే తన సాదా డ్రైవర్ తొడుగుతుంది. లినక్స్ వాడేవారు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిస్తే, నోరు కట్టేసిన చానల్ కింద రెండు 'ఎమ్'లు కనిపిస్తాయి. 'ఎమ్' మీట నొక్కితే విడిపోతుంది.

ఇక పిన్ను సంగతి. మూరెడు తీగ చివర మూడున్నర మిల్లీమీటర్ల లావున్న ఈ లోహపు పుల్ల వంశవృక్షం పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల దాకా వెళుతుంది. ఆపరేటర్లు కాల్ కలపడానికి బోర్డులో గుచ్చిన పావంగుళం పిన్నుకు ఇది మనవరాలు. నల్లటి ప్లాస్టిక్ గీతలతో విడిపోయిన మూడు భాగాలు దీనికి. కొస ఎడమ చానల్, మధ్య ఉంగరం కుడి చానల్, మొదలు ఉమ్మడి ఎర్త్. ఈ ఎర్త్ సరిగా అంటకపోతే జరిగేదానికి భయపడని వారుండరు. పాటలో గాయకుడు మాయమైపోతాడు! వయొలిన్లు వినిపిస్తాయి, కోరస్ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది, అసలు గొంతు మాత్రం ఉండదు.

కారణం లెక్కల్లోనే ఉంది. స్టీరియో పాటలో గాయకుడి గొంతును సాధారణంగా మధ్యలో కూర్చోబెడతారు, అంటే ఎడమ కుడి చానళ్లలో సరిసమానంగా. ఎర్త్ తెగిపోతే కరెంటుకు తిరుగుదారి ఉండదు. అది ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కే పారాలి. అలాంటప్పుడు స్పీకర్‌కు అందేది రెండు చానళ్ల మధ్య తేడా. రెండింట్లో సమానంగా ఉన్న గొంతు కొట్టుకుపోతుంది, ఒక పక్కకు ఒరిగిన వాయిద్యాలు మిగులుతాయి. ఇదే పిన్నుతో ఘంటసాల పాట పెడితే ఏమవుతుంది? ఆ కాలపు పాటలు చాలావరకు మోనో. ఎడమ, కుడి అచ్చంగా ఒకటే. తేడా సున్నా. కాబట్టి మొత్తం పాటే పోతుంది. కొత్త సినిమా పాట సగం వినిపించి పాత పాట బొత్తిగా వినిపించకపోతే ఫైలునో, పాత పాటల వెబ్‌సైటునో తిట్టుకుంటాం. నేరం పిన్ను మొదట్లో పేరుకున్న చిలుముది, లేదా అర మిల్లీమీటరు బయటికి జారిన జాక్‌ది. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నుకు మైకు కోసం నాలుగో భాగం కూడా ఉంటుంది. దాన్ని పాత కంప్యూటర్‌కు పెట్టినప్పుడు కూడా ఈ మాయే జరగొచ్చు. కాస్త బయటికి లాగి పట్టుకుంటే పాట వస్తుంది, వదిలితే పోతుంది.

ల్యాప్‌టాప్‌లకు దీని తమ్ముడులాంటి జబ్బు ఒకటి వస్తుంది. రంధ్రం లోపల పిన్ను దూరిందో లేదో చెప్పే చిన్న రేకు మీట ఉంటుంది. ఇయర్‌ఫోన్ తీసేశాక అది వెనక్కి రాకుండా ఇరుక్కుంటే, లేక దుమ్ము అడ్డుపడితే, ఇయర్‌ఫోన్ ఇంకా ఉందనే భ్రమలో ల్యాప్‌టాప్ తన స్పీకర్లను మూసేస్తుంది. తెర మీద "హెడ్‌ఫోన్స్" అని కనిపిస్తుంటుంది, రంధ్రం మాత్రం ఖాళీ. పిన్నును పదిసార్లు గుచ్చి తీస్తే చాలామటుకు మీట వదులవుతుంది. పుల్ల పెట్టి కెలకడం మంచిది కాదు, విరిగిన ముక్క లోపల ఉండిపోతే మొదటికే మోసం.

కంప్యూటర్ నిర్దోషి అని తేలి, వేలు పెట్టినా మోత రాకపోతే స్పీకర్ దోషే. ముందు అడాప్టర్. దాన్ని వేరే ప్లగ్గులో పెట్టి చూడాలి, మల్టీమీటర్ ఉంటే అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ వస్తోందో లేదో కొలవాలి. తర్వాత గుండీ. తిప్పినప్పుడు కరకరమని, ఒకచోట పాట వచ్చి ఇంకోచోట పోతుంటే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరినట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇటు అటు ఇరవైసార్లు తిప్పితే గొంతు తెరుచుకుంటుంది. ఒక పక్క స్పీకర్ మాత్రమే పోతే ఎడమ కుడి తీగలు మార్చి చూడటం చాలు: మూగతనం తీగతో పాటు మారిందా, డబ్బాతోనే ఉండిపోయిందా?

ముందు కొన్ని నెలలపాటు గుర్రుమని, ఆ తర్వాత గొంతు సన్నగిల్లి ఆగిపోయిన స్పీకర్‌లో అనుమానించవలసింది కెపాసిటర్‌ను. ఇంటి కరెంటును డీసీగా మార్చాక మిగిలే 100 హెర్ట్జ్ అలలను నునుపు చేయడం దాని పని. లోపలున్న ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దీని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలవాలి. స్విచ్ ఎప్పుడూ ఆపని ఇంట్లో అది నాలుగేళ్లకు కూడా తక్కువే. తలుపులున్న టీవీ అరలో, గాలి ఆడని చోట, మే నెలలో కూడా ఆన్‌లోనే ఉండే వూఫర్ డబ్బా ఎందుకు ముందుగా పోతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పాడైన కెపాసిటర్ తల తరచూ ఉబ్బి ఉంటుంది, అలాంటప్పుడు చూడగానే తెలుస్తుంది. అయితే నేరుగా 230 వోల్టులు వెళ్లే డబ్బాను ఇంట్లో విప్పడం తగదు. ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలవ ఉంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల ఇది అలవాటైన పని, సామాను ఖరీదు స్వల్పమే.

మిగిలింది స్పీకర్ గుండె. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో వివరించిన కాయిల్, శంఖువుల అమరికే పెద్దగా మారకుండా నేటి స్పీకర్లలోనూ ఉంది. దాని నాడి చూడటానికి గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు బ్యాటరీ సరిపోతుంది. ఆంప్లిఫయర్ నుంచి విడదీసిన రెండు తీగలను బ్యాటరీకి ఒక్క క్షణం తాకిస్తే 'టుక్' మని శంఖువు కదలాలి. కదిలితే కాయిల్ బతికే ఉంది. మల్టీమీటర్ పెడితే 4 ఓంల స్పీకర్ మూడున్నర దరిదాపుల్లో చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. ఒక్కోసారి తెగేది శంఖువుకు పాకే జరీదారంలాంటి అల్లిక తీగ దగ్గర, అక్కడైతే టంకంతో అతుకుతుంది.

అరుదుగా, అన్ని పరీక్షలూ అయ్యాక దోషం మదర్‌బోర్డు మీది కోడెక్ చిప్పు దగ్గర తేలుతుంది. పిడుగులు పడిన రాత్రి తర్వాత ఇలాంటివి కనిపిస్తాయి. దానికోసం బోర్డంతా మార్చనక్కర్లేదు. బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డులో సొంత చిప్పు ఉంటుంది. అంకెలను వోల్టేజీగా మార్చే పని అదే చూసుకుంటుంది, చచ్చిన చిప్పును తాకకుండా పక్క దారిన పోతుంది. దాన్ని యూఎస్‌బీ పోర్టులో పెట్టి, స్పీకర్ పిన్నును అందులో గుచ్చాలి. ఈసారి రెండో తోక ప్లాస్టిక్ తొడుగు తీశారో లేదో కూడా చూసుకోవాలి.